కరగని బిళ్ళ

తెరుబలి దగ్గర రైలు వంతెన కొట్టుకుపోయిన వరదకు అది ఏడో ఏడు. రాయగడ బజారు ఊడుస్తూ ఊడుస్తూ మున్సిపాలిటీ సన్యాసయ్య పిచ్చుక మార్కు కుక్కర్ల షాపు ముందు ఆగాడు. చీపురుకు తగిలిన అట్టపెట్టెను తిరగేసి, కూడబలుక్కుని చదివాడు. తన ఇంటి కుక్కరు మీదున్న అదే పిచ్చుక. అదే ఫ్యాక్టరీ చిరునామా.

చెత్తబండికి వేలాడుతున్న గోనెసంచిలోంచి కుక్కరు మూత తీశాడు. ఒక పక్క అంచు వంగిపోయింది. పదకొండు రోజుల కిందట అది ఎగిరి రేకుల కప్పుకు తగిలింది. మరుగుతున్న పప్పు అతని భార్య బుల్లమ్మను మెడ నుంచి నడుం దాకా కాల్చేసింది. ఇరవై ఏళ్లు హోటళ్లలో వండిన మనిషి. మూత సరిగా పెట్టలేదని పేటంతా అంది. చివరికి ఆమే నమ్మింది. ఆసుపత్రి మంచం మీద తన చేతుల్నే తిప్పితిప్పి చూసుకుంటోంది.

ఆ కుక్కరు అమ్మిన సోమేశ్వరరావు షాపు తెరిచి, మూతను వెలుతురుకు పట్టాడు.

"ఆవిరి ఎక్కువైతే ఈ బిళ్ళ కరిగి దారివ్వాలి సన్యాసయ్యా. కరగలేదు. నువ్వు కొన్న ఏడు వచ్చినవన్నీ ఇంతే. మీ ఆవిడ తప్పేం లేదు."

"ఆ మాటే ఓ కాయితం మీద రాసియ్యి బాబూ. దానికి సూపిత్తాను."

"కొత్త కంపెనీ సరుకు అమ్ముతూ నేనలా రాయకూడదు. పాత కంపెనీ దివాలా తీసింది. వీళ్లు కోర్టులో పేరు కొన్నారు, మిషన్లు కొన్నారు. పాత సరుకు తప్పులు మావి కావని రాయించుకుని మరీ కొన్నారు."

"పిచ్చుక అదే గదా?"

"అదే."

"పనోళ్లు?"

"వాళ్లే."

"మరి తప్పొకటే సచ్చిపోనాదేటి బాబూ?"

సోమేశ్వరరావు టీ తెప్పించాడు. సన్యాసయ్య ముట్టలేదు.

ఆసుపత్రిలో బుల్లమ్మ చెవి దగ్గరికి వంగాడు. "నీ సేతి తప్పు కాదంట బుల్లీ. బిళ్ళ కరగలేదంట."

"కాయితమిచ్చేరా?"

ఆమెతో ఎన్నడూ అబద్ధమాడలేదు. "నేదు."

"నన్నేడిపించకుండా ఓ మాటట్టుకొచ్చేవు," అంది, నవ్వబోయి. "నాదేలే. తొందర్లో తిప్పేసుంటాను."

కాసేపటికి నీళ్లడిగింది. గ్లాసు కడిగి తెచ్చేసరికి ఊపిరి లేదు. సాయంత్రానికి నాగావళి ఒడ్డున అంతా అయిపోయింది.

మర్నాడు పొద్దున్న, మైలలో పనేటని తోటిపనివాడు ఎర్రయ్య అడ్డుపడినా వినలేదు. బజారంతా ఊడ్చాడు. ఆ షాపు మెట్లు కూడా, రోజూకంటే శుభ్రంగా. పై మెట్టు మీద మూత పెట్టి, వెనక్కి చూడకుండా బండి తోసుకుపోయాడు.

ఎండ వచ్చింది. వంగిన మూత మీద ఆ బిళ్ళ గీత కూడా పడకుండా, కొత్తదానిలా మెరుస్తోంది.