మేస్త్రి పీకేసిన ఖాళీ గళ్ళు

ఆఫీసులో అందరూ ఆయన్ని మేస్త్రి అనేవాళ్ళు. కోబాల్ అనే పాత కంప్యూటర్ భాషలో ఎవరు రాసిన ప్రోగ్రామైనా సరే, చెక్కి నునుపు చేస్తే గాని ఆయనకు అన్నం సహించదు. అదో జబ్బు. ఆ జబ్బును కంపెనీ జీతమిచ్చి మరీ పోషిస్తోంది.

తాజా ఘనకార్యం పార్శిల్ ఆఫీసుది. కౌంటర్లో రసీదు నంబరు కొడితే, ప్రోగ్రాం ఎక్కడో ఉన్న సర్వర్ని అడిగి, పార్శిల్ ఏ అరలో ఉందో తెర మీద చూపిస్తుంది. సర్వర్ పంపే జవాబులో ఏ గడిలో ఏముంటుందో చెప్పేది కాపీబుక్. దాన్ని మనిషి రాయడు, యంత్రమే తయారుచేసి ఇస్తుంది. మేస్త్రి దాన్ని చూసి మొహం చిట్లించాడు. అర నంబరుకు ముందు రెండు ఖాళీ గళ్ళు! "దేనికివి, దండగ?" అని పీకేశాడు. పైన 'చేత్తో దిద్దరాదు' అని హెచ్చరిక కూడా ఉంది. అందం చెడగొడుతోందని దాన్నీ పీకేశాడు.

ఆ కౌంటర్లో కూర్చునేది ఎవరో కాదు, స్వయానా ఆయన భార్యే. కొత్త ప్రోగ్రాం వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ ఒకరి పార్శిల్ ఇంకొకరికి తెచ్చిస్తోంది. జనం తిట్టిపోస్తున్నారు. మళ్ళీ తప్పు జరిగితే కౌంటర్లోంచి తీసేసి గోదాములో మూటలు మోయిస్తానన్నాడు మేనేజరు. ఇంట్లో మేస్త్రి రోజూ ఆవిడకు క్లాసు పీకేవాడు. "కాస్త మనసు పెట్టి చదవవే, అంకెలే కదా!" చివరికి, ఎలా చదవాలో చూపించడానికి సెలవు పెట్టి మరీ కౌంటర్‌కి వెళ్ళాడు.

వరసలో ముందున్న పెద్దాయన వినికిడి మిషను కోసం వచ్చాడు. మేస్త్రి నంబరు కొట్టాడు. తెర మీద 0052 అని వచ్చింది.

"చూశావా, యాభైరెండు. ఇంతే!" అని భార్యతో చెప్పి, తనే గబగబా వెళ్ళి పెట్టె తెచ్చాడు. విప్పితే ఫుట్‌బాల్ బూట్లు.

పెద్దాయన వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, "చెవికి ఎలా తగిలించుకోవాలి బాబూ?" అన్నాడు.

మేస్త్రి మళ్ళీ తెరకేసి చూశాడు. ముందు రెండు సున్నాలు. తను పీకినవీ రెండు గళ్ళే! సర్వర్ మాత్రం ఆ ఖాళీలను సున్నాలతో నింపి పంపుతూనే ఉంది. అవొచ్చి అర నంబరు చోట్లో కూర్చున్నాయి, అసలు నంబరుకు చివరి రెండంకెల తోక తెగిపోయింది.

అప్పటికే మేనేజరు వచ్చి నిలబడ్డాడు. "మళ్ళీనా? ఇక గోదాముకి పదమ్మా."

"తప్పు ఆవిడది కాదండీ," అన్నాడు మేస్త్రి. "నాది. ఈ ప్రోగ్రాం చేసింది నేనే. అంటే, బాగున్నదాన్ని పాడుచేసింది నేనే."

వరసంతా గొల్లున నవ్వింది. ఆయన అక్కడే నిలబడి ఆఫీసుకు ఫోన్ చేశాడు. "యంత్రం ఇచ్చిన కాపీబుక్‌ని ఉన్నదున్నట్టు పెట్టి ప్రోగ్రాంని మళ్ళీ కంపైల్ చెయ్యండి. నేను బతిమాలినా సరే, నన్ను వేలు పెట్టనివ్వకండి."

మేనేజరు గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. గోదాము ఊసెత్తలేదు. ఇక భార్య కడిగేస్తుందని మేస్త్రి కాచుకుని నిలబడ్డాడు. తీరా చూస్తే ఆవిడ కళ్ళు తుడుచుకుంటోంది.

"నాకు మతి పోతోందేమో అనుకున్నానండీ," అంది మెల్లగా. "మా అమ్మకీ ఇలాగే మొదలైంది కదా. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే మీరెక్కడ నవ్వుతారోనని చెప్పలేదు."

ప్రతిదానికీ దిద్దుబాటు చెప్పే మేస్త్రి అందరి ముందే ఆవిడ చెయ్యి పట్టుకుని, "ఎంత వెధవనే నేను!" అన్నాడు.

ఆవిడ కాదనలేదు.