మిరియం తుంటి ఎక్సరే

ఏ డాక్టరూ చెయ్యి వెయ్యకుండానే మిరియానికి సర్టిఫికెట్ వచ్చేసింది. ఫోన్లో ఆ ఫొటో చూసేటప్పటికి విజయదుర్గ ఉదయగిరి కొండ దారిలో ఉంది. మిరియం ఆమెకు నాలుగు బారల ముందు, బండల మీదుగా దూకుతూ తొండను తరుముతూ ఉంది. ఫొటోలో ఇంగ్లీషులో వివరంగా రాసి ఉంది: నల్ల లాబ్రడార్, ఆడది, రెండేళ్ళ వయసు, రెండు తుంటి కీళ్ళూ ఎక్సరే తీసి పరీక్షించడమైనది, ఏ లోపమూ లేదు. కింద ముద్ర, దాని మీద గీసి పారేసినట్టు ఒక సంతకం.

విజయదుర్గ ఒక బండ మీద కూర్చుని దాన్ని మళ్ళీ చదివింది. మిరియం పుట్టి బుద్ధెరిగి ఎక్సరే మిషను మొహం చూసింది లేదు.

పంపింది ఆత్మకూరు రాజమోహన్. భూములూ బోర్లూ ఉన్న ఇంటివాడు. తోటలో కుక్కల్ని పెంచి పిల్లల్ని అమ్ముతాడు. మిరియాన్ని తెచ్చుకుంది కూడా అతని దగ్గరే. పైగా విజయదుర్గ, ఆమె భర్త పెంచలనరసింహం నడిపే ఇనుప సామాన్ల అంగడికి వాళ్ళ కుటుంబం పాత గిరాకీ. ఫెన్సింగు తీగ దగ్గర్నుంచి మోటారు పైపుల దాకా వాళ్ళ తోటలకు పోయేదంతా ఇక్కడినుంచే. మొన్న అంగడికి వచ్చినప్పుడు మిరియం గల్లాబల్ల మీదికి ఒక్క దూకు దూకడం చూసి, దీన్ని తన మగకుక్కతో కలుపుదామని అడిగాడు. పిల్లల కోసం అప్పుడే మనుషులు చెప్పిపెట్టుకున్నారన్నాడు. విజయదుర్గ కాదనలేదు. ఈ జాతిలో తుంటి జబ్బు తల్లీదండ్రుల నుంచి పిల్లలకు దిగుతుందని టీకా వేసిన డాక్టరు ఒకసారి చెప్పి ఉన్నాడు కాబట్టి, ముందు రెండింటికీ ఎక్సరేలు తీయిద్దామని మాత్రం అంది. రాజమోహన్ నవ్వి, ఆ పని తనకు వదిలెయ్యమన్నాడు.

వదిలేస్తే చేసిన పని ఇది.

ఇంటికి దిగి వచ్చి ఫోను భర్త ముందు పెట్టింది. పెంచలనరసింహం కళ్ళజోడు పైకి తోసుకుని చదివి, అన్నీ బాగున్నాయనే కదా రాసింది, దానికి ఇంత కోపమెందుకని అడిగాడు. ఆయనకు ఎవరితోనూ మాట పట్టింపు రాకూడదు. అంగడి పెట్టుకున్నవాడు నోరు అదుపులో పెట్టుకోవాలని ఆయన లెక్క. విజయదుర్గ అదేమీ వినలేదు. మర్నాడు మిరియానికి పొద్దున తిండి పెట్టకుండా, ఆయన చేతే అంగడి ట్రాలీ ఆటో తోలించుకుని ఆత్మకూరు బయల్దేరింది. దారి పొడుగునా మిరియం వెనకనుంచి తల బయటికి పెట్టి గాలి తాగుతూ వచ్చింది.

ఆత్మకూరులో డాక్టర్ అశ్విత కొత్తగా పశువుల ఆసుపత్రి పెట్టింది. చిన్న వయసు, నెమ్మదైన మనిషి. మిరియానికి మత్తు సూది వేసి, అది నాలుక వేలేసి నిద్రపోయాక, వెల్లకిలా పడుకోబెట్టి, వెనక కాళ్ళు రెండూ సమానంగా చాపి, మోకాళ్ళు కాస్త లోపలికి తిప్పి పట్టుకుని ఎక్సరే తీసింది. కొంచెం వంకరగా వచ్చిందేమోనని మళ్ళీ ఇంకొకటి తీసింది. ఆ తర్వాత ఫిల్ములు రెండూ వెలుతురుకు పెట్టి ఊరికే చూస్తూ నిలబడింది. విజయదుర్గకు ఆ నిలబడటం నచ్చలేదు.

తొడ ఎముక పైన గుండు, తుంటిలో దాని గిన్నె ఎక్కడుంటాయో డాక్టరు వేలితో చూపించింది. రోట్లో పొత్రం కూర్చున్నట్టు గుండు గిన్నెలో నిండుగా కూర్చోవాలట. మిరియానికి రెండు వైపులా గిన్నెలు లోతు లేకుండా పళ్ళేల్లాగా ఉన్నాయి. గుండ్లు సగం బయటే ఉన్నాయి. ఎడమ పక్క అంచు అప్పుడే అరగడం మొదలుపెట్టింది.

విజయదుర్గకు మొదట కోపం వచ్చింది ఆ డాక్టరు మీదే. నిన్న పొద్దున కొండెక్కిన కుక్కకు తుంటి బాగలేదంటే ఎవరు నమ్ముతారని గట్టిగానే అడిగింది.

"కండబలం మీద లాగేస్తా ఉండాదమ్మా," అంది అశ్విత. "చురుకైన కుక్కలు నొప్పిని బయటికి కనపడనియ్యవు. ఇప్పటినుంచి దూకుళ్ళు తగ్గించి, బరువు పెరగకుండా చూసుకుంటే చాన్నాళ్ళు బాగుంటాది. పిల్లల్ని మాత్రం పెట్టించొద్దు. వాటికీ ఇదే వస్తాది."

ఎక్కడ తెచ్చుకున్నారని డాక్టరు అడిగింది. రాజమోహన్ పేరు చెప్పగానే ఆ పిల్ల మొహం పక్కకు తిప్పుకుని చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది. ఆ తోటనుంచి ఇలాంటివి ఇంకా వచ్చాయా అని విజయదుర్గ అడిగితే, వేరేవాళ్ళ కుక్కల సంగతి తాను చెప్పకూడదంది. ఆ మాటతోనే చెప్పినట్టయింది.

మత్తు సగం దిగి తూలుతున్న మిరియాన్ని ట్రాలీలో పడుకోబెట్టి, బండి నేరుగా తోటకు పోనివ్వమంది విజయదుర్గ. పెంచలనరసింహం ఇంటికి పోయి నిదానంగా ఆలోచిద్దామన్నాడు. "మీరు రాకపోతే నడిచి పోతాను," అంది ఆమె. ఆయన బండి తిప్పాడు.

తోటలో రాజమోహన్ కుర్చీ వేయించాడు, మజ్జిగ తెప్పించాడు. విజయదుర్గ కూర్చోలేదు, తాగలేదు. ఫిల్ము అతని చేతిలో పెట్టింది. అతను దాన్ని తలకిందులుగా పట్టుకుని చూసి, పరిగెత్తే కుక్కకు జబ్బేందక్కా, ఈ డాక్టర్లు బతకడానికి ఏదో ఒకటి చెప్తారు అన్నాడు. ఆమె వినడం లేదు. కొట్టం వెనక, సిమెంటు గచ్చు మీద, ఒక నల్లకుక్క వాళ్ళ అలికిడికి లేవబోయి, ముందుకాళ్ళు నిలబెట్టి వెనక భాగాన్ని లేపలేక మళ్ళీ కూలబడింది. మళ్ళీ ప్రయత్నించింది. పొట్ట కింద చన్నులు వేలాడుతున్నాయి.

అది రాణి. మిరియం తల్లి. రెండేళ్ళ కిందట పిల్లను తీసుకోవడానికి వచ్చినప్పుడు గేటు దాకా ఎదురొచ్చి చెయ్యి నాకిన కుక్క.

మిరియం తర్వాత కూడా దానికి పిల్లల్ని పెట్టించావా అని అడిగింది. పెట్టించానన్నాడు. ఆఖరి పిల్లలు పోయిన నెలే ఊళ్ళకు పోయాయట. ఇలా కూలబడడం ఎప్పట్నుంచి అంటే, ఏడాది పైనే అయిందన్నాడు. దాయాలని కూడా అతనికి అనిపించలేదు. ఆ దాయకపోవడం చూసి ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"లేవలేనిదానికి కూడా పెట్టించినావా?"

"పడుకునుంటే పిల్లలు పుట్టవా అక్కా?" అన్నాడు రాజమోహన్.

విజయదుర్గ తర్వాత చెప్పుకున్నదాన్ని బట్టి, అప్పుడామెకు చెయ్యెత్తి కొట్టాలనిపించింది. కొట్టలేదు. రాణిని తనకిచ్చెయ్యమంది. ఇంక దానివల్ల పనేముంది, తిండి దండగ, తీసుకుపొమ్మని అతను తేలిగ్గా అనేశాడు. పెంచలనరసింహం అంతసేపూ నేల చూస్తూ నిలబడినవాడు, చొక్కా చేతులు మడిచి, రాణిని రెండు చేతులతో ఎత్తి తెచ్చి కూతురి పక్కన పడుకోబెట్టాడు.

మర్నాడు అంగడి ముందు అద్దాల తలుపుకు, ఎండ వెనకనుంచి పడేచోట, విజయదుర్గ ఆ ఫిల్ము అంటించింది. దాని పక్కనే రాజమోహన్ పంపిన సర్టిఫికెట్ ప్రింటు తీయించి పెట్టింది. మేకులకు వచ్చినవాళ్ళూ పైపులకు వచ్చినవాళ్ళూ అదేందని అడిగేవాళ్ళు. ఆమె తూకం ఆపి మరీ చెప్పేది. అడగనివాళ్ళకు కూడా చెప్పేది. పిల్ల కోసం చెప్పిపెట్టుకున్న మాలకొండయ్య అనే నిమ్మతోట రైతు అంతా విని, నాకు వద్దులేమ్మా అని రాజమోహన్‌కు అక్కడే ఫోను చేశాడు. భర్త రోజుకొకసారి, ఇంక చాలు తీసెయ్యమని బతిమాలేవాడు. ఆయన ఒకసారి తీయబోతే విజయదుర్గ ఆయన చేతిని పట్టుకుని, ఇది పోతే నేనూ పోతానంది. ఆ కోపం ఆయన మీద కాదని ఇద్దరికీ తెలుసు. అయినా ఆ పూట ఇద్దరూ అన్నం తినలేదు.

వారం తిరక్కుండా రాజమోహన్ జీపు అంగడి ముందు ఆగింది. అతను లోపలికి రాలేదు. రోడ్డు మీద నిలబడే, తన పరువు బజారులో ఎండబెట్టారనీ, ఇంతకాలం తమ ఇంటి బేరంతో బతికినవాళ్ళు ఇట్టా చెయ్యొచ్చునా అనీ గొంతు పెంచాడు. చుట్టుపక్కల అంగళ్ళవాళ్ళు బయటికొచ్చారు. అతను విజయదుర్గను వదిలేసి ఆమె భర్త వైపు తిరిగి, ఆడవాళ్ళకు తెలియకపోతే నువ్వైనా చెప్పాల్నా లేదా, ఆ కాయితం పీకెయ్యి అన్నాడు.

పెంచలనరసింహం కదలకముందే లోపల సంచుల పక్కన పడుకున్న రాణి కదిలింది. ఆ గొంతు అది గుర్తుపట్టింది. మందులతో కాస్త తేరుకుంది గానీ నడక రాలేదు. ముందుకాళ్ళతో పాకుతూ, వెనక కాళ్ళు గచ్చు మీద ఈడ్చుకుంటూ, తోక ఊపుకుంటూ గడప దాటింది. మెట్టు దగ్గర దొర్లి పడింది. మళ్ళీ ముందుకాళ్ళు ఊని, రోడ్డు మీదికి పాకి, అతని చెప్పుల మీద గడ్డం ఆనించి పడుకుంది.

బజారంతా చూస్తోంది. రాజమోహన్ కాలు వెనక్కి తీసుకున్నాడు. అది ఇంకొంచెం ముందుకు జరిగి మళ్ళీ ఆనించింది.

విజయదుర్గకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి జాలితో వచ్చినవి కావు. ఆ కుక్కకు కూడా కోపం రాకపోవడం ఆమె తట్టుకోలేకపోయింది. "ఒక్కసారి దాని తల నిమిరిపో," అంది. "అంతకన్నా నీ దగ్గర అది ఏం అడగలా."

అతను నిమరలేదు. కుక్కను తప్పించుకుని జీపెక్కాడు. పోతూ పోతూ, ఆ కాయితం సంగతేందని పెంచలనరసింహాన్ని మళ్ళీ అడిగాడు.

"అది అక్కడే ఉంటాది," అన్నాడు పెంచలనరసింహం, రాణిని ఎత్తుకోవడానికి వంగుతూ.

రాజమోహన్ ఇంటి బేరం ఆ రోజుతో వేరే అంగడికి పోయింది. కుక్కల అమ్మకం అతను మానలేదు. ఇటు తెలిసిపోయిందని బద్వేలు వైపు అమ్ముకుంటున్నాడని ఎవరో చెప్పారు. అది విన్నరోజు విజయదుర్గ చేతిలో ఉన్న తాళాన్ని నేలకేసి కొట్టింది. మిరియానికి పిల్లలు పుట్టకుండా అశ్విత ఆపరేషన్ చేసింది. ఇప్పుడు దాన్ని కొండ మీదికి తీసుకుపోవడం లేదు. పొద్దున్నే చదునుగా ఉన్న దారిలో తాడు వేసి నడిపిస్తుంది. అది కొండవైపు గుంజుతుంది, విజయదుర్గ పళ్ళు బిగించి ఇటు గుంజుతుంది.