వీరభద్రరావుగారి మౌనానికి బేరం

పాయా లేబర్‌లో కంప్యూటర్ విడిభాగాలు టోకున అమ్ముతాను. ఊరంతా ఐటీ జోరు. పొద్దున దింపిన సరుకు సాయంత్రానికి ఉండదు. సంగీతంలో లాభనష్టాలు మాత్రం నాకు తెలియవు. అవి మా అమ్మాయి చాందిని చూసుకుంటుంది. నలుగురు వాయించే స్ట్రింగ్ క్వార్టెట్ ఒకదాన్ని, వాళ్ళ కమ్యూనిటీ క్లబ్ ఆర్కెస్ట్రా మొత్తం వాయించేలా తిరగరాసింది.

మొదటి రిహార్సల్ విన్నాను. గరిటె దిగని ముద్దపప్పులా ఉంది.

కండక్టర్ లిమ్‌గారికి మొహమాటం లేదు. "శనివారానికి తేలికపడకపోతే కచేరీలో అసలుదే నలుగురితో వాయిద్దాం. మిగతావాళ్ళు కూర్చుంటారు" అన్నారు.

ట్రైన్‌లో చాందిని ముఖం వేలాడేసింది.

"బరువెక్కడమ్మా?"

"డబుల్ బేస్, నాన్నా. అసలులో ఆ వాద్యమే లేదు. చెల్లో వాయించే వరసనే వీరభద్రరావు అంకుల్ బేస్ మీద ఒక స్థాయి కింద వాయిస్తారు. మొదటి నుంచి చివరిదాకా."

"మధ్యమధ్య ఆపమను."

"హౌ కెన్ లా! ఎలా కుదురుతుంది? అంకుల్‌ని పిలిచి ఊరికే నిలబడమనాలా?"

పెళ్ళికొచ్చిన ప్రతి చుట్టానికీ ఏదో ఒక పని అప్పజెప్పే బుద్ధి మాది. ఈ పరాయి దేశంలోనే పుట్టినా పిల్లకు అదే అబ్బింది.

మర్నాడు చోవా చూ కాంగ్‌లో వీరభద్రరావుగారింటికి వెళ్ళాను. ఆయన బ్యాంకులో ప్రోగ్రామర్. మనిషెత్తు డబుల్ బేస్ సోఫాను గోడకు తోసి హాలును ఆక్రమించుకుంది. కాఫీ రాగానే నా సరుకు విప్పాను.

"రావుగారూ, మీరు కొన్నిచోట్ల ఆగితే, నెమ్మదిగా సాగే భాగంలో చెల్లో పాట మీ ఒక్కరికే ఇప్పిస్తాను."

ఆయన కప్పు కింద పెట్టారు. "ఆగొచ్చా? భుజం ఊడిపోతోందండీ! పిల్ల అంత కష్టపడి రాసింది, ఆపితే చిన్నబుచ్చుకుంటుందని లాగుతున్నా."

బేరంలో ముందు నోరు విప్పినవాడిదే నష్టం. అందరికీ చెప్పే నేనే మరిచాను.

"అయితే ఆ సోలో అక్కర్లేదుగా?"

"అయ్యో, మీ మాట తీసేస్తానా!"

సంగతి చెప్పగానే చాందిని మండిపడింది. "సోలో అంటే ఫ్రీ గిఫ్టా నాన్నా?" అంటూనే పెన్సిల్ తీసింది. బేస్ వరసలో సగం చెరిపేసింది. చెరిపేకొద్దీ ముఖం తేటపడింది.

శనివారం వయొలిన్లు హాయిగా తేలాయి. కాసేపటికి బేస్ దిగింది. అప్పుడు పాటకు కాళ్ళొచ్చాయి. సోలోలో ఆయన ఒక స్వరం తప్పారు. కళ్ళు మూసుకుని మురిసిపోతున్నారు కాబట్టి ఆయనకు తెలియలేదు. లిమ్‌గారు నవ్వారు, ఆపలేదు. అయిపోయాక చాందిని కాగితాలు తట్టి, "కచేరీలో ఇదే" అన్నారు.

వీరభద్రరావుగారు చెమట తుడుచుకుంటూ నా పక్కన చేరారు.

"ఆఖరి భాగంలో ఆగడానికి కూడా నాకేం అభ్యంతరం లేదండీ. ఏమిప్పిస్తారు?"