అటక మీది వాటా

పినపాక దాటి అడవిలోకి నాలుగు మైళ్లు నడిస్తే వచ్చే కోయగూడెం అది. పద్నాలుగు ఇళ్లు, ఒక బోరింగు, ఒక టీవీ. టీవీ బొజ్జయ్యది. బీడీల తునికాకు కల్లంలో కట్టల లెక్క చూసే కల్లేదారుగా చేసిన ఏడాది చేతికొచ్చిన బోనస్‌తో మణుగూరులో పాతది కొని, దుప్పట్లో చుట్టి, బాలింత బిడ్డను మోసినట్టు మోసుకొచ్చాడు. వెదురుబొంగు మీద యాంటెన్నా లేచిన రోజు నుంచి గూడెంలో అతని మాటకు కూడా కాస్త ఎత్తు వచ్చింది.

ఆదివారం సాయంత్రం ఏడింటికి ఒక సీరియల్ వచ్చేది. ఎక్కడో సముద్రం ఒడ్డున పెద్ద పట్నం, అందులో ఒక ముఠా, ముఠాకు ఒక సేటు. సేటు పెట్టిన అన్నం తింటూనే పోలీసులకు కబుర్లు చేరవేసే ద్రోహి ఒకడు ముఠా లోపలే ఉన్నాడు. వాడెవడో సేటుకు తెలియదు, చూసేవాళ్లకూ తెలియదు. వాళ్లు మాట్లాడేది తెలుగే గానీ, బస్సు వెళ్లిపోతుందేమో అన్నట్టు గబగబా మాట్లాడేవాళ్లు. ముసలివాళ్లకు సగం అందేది కాదు. అప్పుడు బొజ్జయ్య లేచి, తెర పక్కన నిలబడి, కోయలో విడమరచి చెప్పేవాడు. లచ్చక్క లాంటి ముసలమ్మలు తెర చూడడం మానేసి అతని నోరే చూసేవాళ్లు. ఆ అరగంట కోసమే అతను వారమంతా బతికేవాడంటే అబద్ధం కాదు.

ఏకై వచ్చి మేకైంది అంటారే, వీరబాబు రాక అలాంటిదే. బొజ్జయ్య భార్య నాగక్కకు సొంత తమ్ముడు, అంటే అతనికి బామ్మర్ది. పిలిచింది కూడా బొజ్జయ్యే. "మా పక్క పోడు ఖాళీగ ఉంది, వచ్చి కొట్టుకో" అని తనే కబురు పెట్టాడు. వచ్చినవాడు పోడు కొట్టుకుని ఊరుకుంటే బాగుండేది. మొదటి ఆదివారమే, ముఠావాడొకడు సంచి మరిచిపోయాడని బొజ్జయ్య చెబుతూ ఉండగా, వెనక నుంచి మెల్లగా అన్నాడు.

"గట్ల గాదు బావా. ఆ సంచిని వాడు కావాల్ననే మర్సిపోయిండు. వచ్చే వారం సూడు, గదే సంచి పోలీసోళ్ల దగ్గర ఉంటది."

వచ్చే వారం ఆ సంచి పోలీసుల దగ్గరే ఉంది.

ఇక అక్కడి నుంచి బొజ్జయ్య ఏది చెప్పినా లచ్చక్క తల అటు తిప్పేది. "వీరబాబూ, నిజమేనా బిడ్డా?" వాడు "అవ్" అంటేనే అది నిజం. టీవీ ఎవరిది? వాన పడుతుంటే కప్పెక్కి యాంటెన్నా తిప్పేది ఎవరు? వాడి మీద కోపం తెచ్చుకుందామంటే వాడు కోపం తెప్పించే పని ఒక్కటీ చేయడు, అదే పెద్ద బాధ. అడిగితేనే చెబుతాడు. చెప్పి నవ్వుతాడు. "బావకు తెల్వదా ఏంది, మనతోని పరాచికాలాడుతుండు" అంటాడు. ఆ మంచితనం బొజ్జయ్యకు కళ్లలో కారంపొడిలా తగిలేది.

పోనీ ఇంట్లో అయినా ఊరట ఉందా అంటే అదీ లేదు. "మా తమ్ముని కన్ను ఎట్లుంటదో సూసినవా" అంటూనే నాగక్క అన్నం వడ్డించేది. కడుపుమంటకు మందు ఏ దవాఖానాలో దొరుకుతుంది?

ఆ మంటకు విత్తనాల పండుగ తోడైంది. వానలకు ముందు, విత్తనం నేలలో పడకముందు, మగవాళ్లు విల్లంబులు పట్టుకుని వేటకు పోవాలి. ఏదో ఒకటి కొట్టుకురావాలి, ఆ నెత్తురు విత్తనాలకు తాకాలి. మొదటి బాణం ఎవరిదైతే తలకాయ వాళ్లింటికి పోతుంది. మిగిలింది ఇంటికొక వాటా. ముసలమ్మ ఒక్కతే ఉన్న ఇంటికైనా వాటా తప్పదు. వండుకున్నది వండుకోగా ఒక ముక్కను ఆకులో చుట్టి, పొయ్యి మీది అటకలో పెట్టి, విత్తనం చల్లే రోజు దాకా పొగకు ఎండనివ్వాలి. ఆ ముక్క లేని ఇంటివాడు చేలో చేయి పెట్టకూడదు. ఇక ఉత్తచేతులతో తిరిగొచ్చిన మగవాళ్లకు ఆడవాళ్లు పేడనీళ్లతో మర్యాద చేస్తారు.

నిరుడు రెండు జట్లుగా పోయారు. వీరబాబు జట్టు అడవిపందిని మోసుకొచ్చింది. బొజ్జయ్య జట్టు చేతులూపుకుంటూ వచ్చింది. పేడనీళ్ల ముంత అతని మొహాన కొట్టింది ఎవరో కాదు, నాగక్కే. అది ఆట. అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు. నీళ్లు ఆ పూటకే ఆరిపోయాయి గానీ వాసన ఏడాది పొడుగునా అతని ముక్కులోనే ఉండిపోయింది.

ఈసారి పండుగకు రెండు రోజుల ముందు బొజ్జయ్య ఉప్పూ పొగాకూ కొనడానికి పినపాక పోయాడు. టీకొట్టు దగ్గర అడవి శాఖ బీటుసారు కనబడ్డాడు. "ఏమయ్యా, వేట ఉందా ఈసారి?" అని సారు మామూలుగానే అడిగాడు. ఆయన ఏటా అడుగుతాడు. "మాకేం ఎరుక సారూ" అని గూడెం ఏటా చెబుతుంది. తాతల నాటి నుంచీ ఏ సారుకైనా అదే జవాబు. బొజ్జయ్య టీ గ్లాసు కింద పెట్టాడు.

"మా బామ్మర్ది కొడ్తడు సారూ. వాని గురి తప్పది. తలకాయ వాని ఇంట్లనే ఉంటది. పండుగ తెల్లారి వస్తె దొరుకుతది."

"వాడొక్కడేనా?"

"అవ్ సారూ. వాడొక్కడే."

అతను కోరుకున్నదల్లా అంతే. వీరబాబు ఓ నెల రోజులు కనబడకుండా పోవాలి. నాలుగు ఆదివారాలు. ఆ నాలుగు ఆదివారాలు గూడెం మళ్లీ తన నోరు చూడాలి. ద్రోహం అనే మాట అతని మనసుకు తట్టనే లేదు. సీరియల్‌లో ద్రోహులకు నల్ల కళ్లద్దాలు, కార్లు ఉంటాయి. తన కాళ్లకు చెప్పులు కూడా సరిగ్గా లేవు.

వీరబాబు దుప్పిని కొట్టాడు. కొట్టినవాడు తలకాయ పట్టుకుని ఇంటికి పోకుండా నేరుగా బొజ్జయ్య వాకిట్లోకి వచ్చాడు.

"నిరుడు నీకు పేడనీళ్లు పడ్డయి బావా. ఈసారి ఇది నీ ఇంట్ల ఉండనీ. అక్క సంబురపడ్తది."

తెల్లారితే సారు వస్తాడని బొజ్జయ్యకు గుర్తొచ్చింది. "వద్దొద్దు. నీది నువ్వే ఉంచుకో" అని రెండడుగులు వెనక్కి వేశాడు. వీరబాబు వింతగా చూసి వెళ్లిపోయాడు. నాగక్క కూడా చూసింది. దానమిచ్చేది కూడా వాడేనా, తీసుకునేవాణ్ణి నేనేనా అని బొజ్జయ్య ఆ రాత్రంతా పళ్లు నూరుకున్నాడు.

తెల్లవారింది. సారు వచ్చేది వీరబాబు ఇంటికేనని అతనికి తెలుసు. అయినా గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, మాటిమాటికీ పొయ్యి మీది అటక వైపే చూశాడు. నాగక్క నీళ్లకు బోరింగు దగ్గరికి పోగానే పొట్లం తీసి, వాగు అవతలికి పోయి కుక్కలకు వేసి వచ్చాడు. మాంసం వండిన కుండ తోమి బోర్లించాడు. పుట్టి బుద్ధెరిగాక అతను కుండ తోమడం అదే మొదటిసారి.

ఎండ ఎక్కక ముందే జీపు వచ్చింది. బీటుసారు, వెంట నలుగురు గార్డులు. సారు ఒక్క ఇంటితో తృప్తిపడే మనిషి కాదు. వీరబాబు ఇంట్లో తలకాయ దొరకగానే అన్ని ఇళ్ల అటకలూ వెతకమన్నాడు. వెతకడానికి ఏముంది? అన్ని ఇళ్లలోనూ ఒకే చోట, ఒకేలాంటి ఆకు పొట్లం. వాటిని తెచ్చి గూడెం పెద్ద పగిడయ్య వాకిట్లో వరసగా పెట్టారు. సారు ఒక్కో ఇంటివాడి పేరూ రాసుకున్నాడు. పదమూడు పొట్లాలు, పదమూడు పేర్లు.

"ఈ ఇంట్లో ఏం లేదు సార్" అని బొజ్జయ్య ఇంట్లోంచి గార్డు కేకేశాడు.

"సరే, దాన్నొదిలెయ్" అన్నాడు సారు, కాగితం మీద నుంచి తల ఎత్తకుండానే.

నాగక్క బిందె దింపి ఇంట్లోకి పోయింది. వెంటనే బయటికి వచ్చింది. "అటక మీదనే పెట్టిన. నా చేతుల్తోని పెట్టిన" అంది, తనలో తను అనుకున్నట్టు. ఆ మాట అందరికీ వినబడింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతేమో గానీ, ఖాళీ అటక పట్టేసింది. వీరబాబు ఒక్కడి పేరే రాయించాలనుకుంటే గూడెం అంతటి పేర్లూ కాగితమెక్కాయి, తన పేరు తప్ప.

పగిడయ్య సారుకు అర్థం కాకుండా కోయలో అడిగాడు. "బొజ్జయ్యా, నీ వాటా ఏది?"

బొజ్జయ్య నోరు తెరిచాడు. రెండేళ్లుగా ఊరంతా తన నోరు చూడాలని ఏడ్చినవాడికి, ఇప్పుడు ఊరంతా తన నోరే చూస్తుంటే నేలలోకి దిగిపోవాలనిపించింది.

"బావ వాటా నా దగ్గర్నే ఉంది" అన్నాడు వీరబాబు. పగిడయ్య వైపు చూసి కోయలో ఒకసారి, సారు వైపు తిరిగి తెలుగులో ఒకసారి చెప్పాడు. "అక్క ఇల్లు, మా ఇల్లు ఒక్కటే వంట సారూ. ఆ పొట్లంల రెండిండ్లది ఉంది. బాణం నాది, పంచింది నేను. నన్ను తీస్కపో."

అది అబద్ధమని నాగక్కకు తెలుసు, వాడి పొట్లం చూసిన ప్రతివాడికీ తెలుసు. ఎవరూ కాదనలేదు. సారు పేర్ల కాగితం మడిచి జేబులో పెట్టుకుని, వీరబాబు ఒక్కణ్ణే జీపెక్కించాడు.

జీపు వెనక గూడెం గూడెమంతా వాగు దాకా నడిచింది. లచ్చక్క కర్ర పట్టుకుని నడిచింది. వాకిట్లో మిగిలింది బొజ్జయ్య ఒక్కడే. అప్పుడు అతని మనసులోకి మొదట వచ్చిన ఆలోచన పశ్చాత్తాపం కాదు. నన్ను పట్టుకుపోతే ఇంతమంది నడిచేవాళ్లా, అని. ఆ ఆలోచన తనకే వినబడి అతను సిగ్గుతో చచ్చిపోయాడు. అయినా అది పోలేదు.

మర్నాడు ఆదివారం. ఏడింటికి టీవీ పెట్టి చాప పరిచాడు. ఒక్కరూ రాలేదు. అలవాటు కొద్దీ లేచి తెర పక్కన నిలబడి, ఖాళీ చాపను చూసి మళ్లీ కూర్చున్నాడు. నాగక్క వాకిట్లో అటు తిరిగి కూర్చుని ఉంది. వారమంతా అన్నం పెట్టింది, మాట పెట్టలేదు. ఒక్కసారి మాత్రం అంది.

"ఇన్ఫార్మర్ అనే మాట ఈ అడవిల ఎంత చెడ్డదో నీకు ఎరుక లేదా? నేనైతే అడగను. అడిగితె నువ్వు చెప్పాల్సొస్తది."

తొమ్మిదో రోజున, అదీ ఆదివారమే, పూచీ మీద వీరబాబును వదిలిపెట్టారు. మధ్యాహ్నం గూడెం చేరాడు. ఆడవాళ్లు ఎదురుపోయి కాళ్ల మీద నీళ్లు పోశారు. మనిషి చిక్కిపోయాడు గానీ నవ్వు చిక్కిపోలేదు. సాయంత్రం తనే అందరినీ లేపాడు. "పాండ్రి, బావ ఇంటికి పోదాం. సీరియల్ ఏమైందో ఏమో." వాడు కదిలితే వెనక గూడెం కదిలింది. చాప నిండింది. తన ఇల్లు మళ్లీ నిండింది కూడా వాడి పుణ్యానే అనుకుంటూ బొజ్జయ్య టీవీ పెట్టాడు.

ఆ వారం కథలో పోలీసులు ముఠా మీద పడ్డారు. అందరి గోడౌన్లూ సోదా చేశారు. దొరికిన సరుకంతా లారీలకెత్తారు. ఒక్కడి గోడౌన్‌లో మాత్రం ఏమీ దొరకలేదు. సేటు తన మనుషులందరినీ వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరి మొహంలోకి చూస్తూ నడుస్తున్నాడు.

లచ్చక్కకు మాటలు అందలేదు. ఎప్పటిలాగే తల తిప్పింది. "ఎవడు బిడ్డా ఆ చెడ్డోడు? నీకు ఎరుకైంది గదా."

వీరబాబు చాప పోగు ఒకటి లాగుతూ తల వంచుకున్నాడు. "నాకు తెల్వది పెద్దమ్మా" అన్నాడు. వాడికి తెలియకపోవడం అదే మొదటిసారి. పోగు వదిలేసి, మెల్లగా అన్నాడు. "బావను అడుగు."

లచ్చక్క ఇటు తిరిగింది. పగిడయ్య తిరిగాడు. చాప మీది తలలన్నీ ఒక్కొక్కటే తిరిగాయి. గుమ్మంలో నిలబడ్డ నాగక్క కూడా, తొమ్మిది రోజుల తర్వాత, అతని మొహంలోకి చూసింది. ఏ చూపుల కోసం అతను ఇంత చేశాడో ఆ చూపులన్నీ అతని మీదే ఉన్నాయి.

బొజ్జయ్య లేచి తెర పక్కన నిలబడ్డాడు. కోయలో, ప్రతి ముసలమ్మకూ అందేలా, నిదానంగా చెప్పాడు.

"ఎవని ఇంట్ల ఏం దొరకలేదో, వాడే."

లచ్చక్క కాసేపు అతన్ని అలాగే చూసి తెర వైపు తిరిగింది. మిగిలినవాళ్లూ తిరిగారు. నిజమేనా అని ఈసారి వీరబాబును ఎవరూ అడగలేదు.