ఉమ ముఖానికి పసుపు

గద్వాల బస్టాండు పక్కన నాకు మందుల దుకాణం ఉంది. చదివింది డిప్లొమానే అయినా జనం నన్ను డాక్టర్ సారనే పిలుస్తారు. నేనూ కాదనను. ఆ పిలుపే నా చెల్లెలు ఉమ కొంప ముంచింది.

ఉమ అత్తగారింట్లో కంపెనీలకు విత్తనాలిచ్చే సీడు పత్తి సేద్యం. పొద్దున్నుంచి ఎండ నడినెత్తికి వచ్చేదాకా పువ్వు పువ్వుకీ చేత్తో పుప్పొడి రుద్దాలి. రెండో కాన్పు తర్వాత ఆమె బుగ్గల మీద మంగు మచ్చలు లేచాయి. ఒకరోజు కొంగు కప్పుకుని దుకాణానికి వచ్చింది.

"అన్నా, చేన్ల ఆడోళ్ళంత నా మొకమే జూస్తున్నరు. ఏదన్న మందియ్యి."

దవాఖానలో చూపించుకోమనాలి. నేనేం చేశాను? పెద్ద మొనగాడిలా ఒక ట్యూబు తీసిచ్చాను. అందులో స్టెరాయిడ్ ఉందని తెలుసు. పదిహేను రోజులకు మించి రాయొద్దని చెప్పాలనీ తెలుసు. ఇంతలో గిరాకీ వచ్చింది, మర్చిపోయాను.

నెలలో ముఖం తేటపడింది. మా అన్న మందు అని చేనంతా చెప్పుకుందట. మురిసిపోయాను, సిగ్గులేనివాణ్ని. ట్యూబు అయిపోయినప్పుడల్లా ఆమె భర్త నాగేశ్ వచ్చేవాడు. నేనే ఇచ్చేవాణ్ని. ఎన్నయ్యాయో ఒక్కసారీ ఆలోచించలేదు.

ఏడాది తిరిగాక, పెళ్ళయిన ఐదో ఏడని ఉమకు ఒడిబియ్యం పోయడానికి పిలిచాం. ఇంటి ఆడబిడ్డను పీట మీద కూర్చోబెట్టి, ముఖానికీ కాళ్ళకూ పసుపు రాసి, ఒళ్ళో బియ్యం పోసి పంపాలి. లోపలి గదిలో ఉమ కొంగు తీసింది. చర్మం ఉల్లిపొరలా పలచబడి ఎర్రటి నరాలు కనిపిస్తున్నాయి. మంగు మునుపటికంటే నల్లగా ఉంది.

"నీళ్ళు తగిలినా మంట లేస్తుంది అన్నా. కర్నూల్ల జూపిచ్చుకున్న. ఆ క్రీముతోనే గిట్లయిందన్నది డాక్టరమ్మ. ఎవరిచ్చిండ్రని అడిగింది. యాది లేదని చెప్పిన."



బయట పీట వేశారు. అమ్మ పసుపు గిన్నె తెచ్చింది.

"మొకానికొద్దమ్మా. కాళ్ళకు రాయి, సాలు" అన్నాను.

"ముత్తైదకు మొకానికి పసుపు వద్దంటవా? బుద్ధుందా నీకు?" అని కసిరింది అమ్మ.

ఎందుకు వద్దో చెప్పాలంటే నేను చేసింది చెప్పాలి. చుట్టూ నన్ను డాక్టర్ సారూ అనే చుట్టాలు. తల దించుకున్నాను.

"రాయమ్మా, ఏం గాదు" అంది ఉమ.

అమ్మ రెండు బుగ్గలకూ మెత్తింది. ఉమ పీట అంచు గట్టిగా పట్టుకుంది. కన్నీళ్ళు పసుపు మీదుగా కారి ఒళ్ళోని కొత్త చీర మీద పడ్డాయి.

పెద్దమ్మ అలివేలమ్మ కళ్ళొత్తుకుంది. "పుట్టిల్లు ఇడిసి పోవాలంటే పిల్లకు పానం ఒప్పుతలేదు."

"అవు పెద్దమ్మా" అంది ఉమ.