దిక్కులేని ఇసుక

అత్తగారి మీద కోడలు కవిందుకి ఉన్న ఫిర్యాదు చిన్నదేం కాదు. మొంబాసా నుంచి పగలంతా బస్సులో ఒళ్లు హూనం చేసుకుని, కిటుయి మెట్టలో ఉన్న అత్తింట్లో కొన్నాళ్లుండి పోదామని వస్తే, అత్తగారు కలుండే ఒక కప్పు నీళ్లు చేతికిచ్చి, "మొహం కడుక్కో. నీళ్లు కింద పోనివ్వకు, మేక తాగుతుంది. సబ్బు మాత్రం వద్దు, దానికి నచ్చదు" అంది. ఆ ఇంట్లో కోడలికన్నా మేకకే మర్యాద ఎక్కువని కవిందుకు ఆ సాయంత్రమే అర్థమైంది.

తెల్లారి అత్తగారి వెంట వాగుకు వెళ్లింది. అక్కడ వాగంటే ఇసుకే. వానలకు పారిన నీళ్లు ఇసుక కడుపులో దాక్కుంటాయి, ఆడవాళ్లు గుంటలు తవ్వి తోడుకుంటారు. ఏ ఇంటి గుంట ఆ ఇంటిది. చుట్టూ ముళ్లకంప వేస్తే, దాన్ని దాటి అడుగుపెట్టే మనిషి ఆ ప్రాంతంలో లేడు.

కలుండే గుంటలోకి దిగింది. తల కూడా కనబడలేదు. సొరబుర్రతో గీకుతున్న చప్పుడు మాత్రం వినిపించింది. బుర్రలో తడి ఇసుక వచ్చింది. మళ్లీ గీకింది. అదే వచ్చింది. వాగు పొడవునా ఆడవాళ్లు ఎవరి కంప వెనక వాళ్లు ఖాళీ డబ్బాల పక్కన కూర్చుని ఉన్నారు.

వాగు మలుపు కింద లారీలు ఇసుక నింపుకుంటున్నాయి.

"వాళ్లనెవరు రానిచ్చారత్తా?"

"ఇంకెవరు, మీ పెదమామ." కలుండే బావగారు ముసెంబి ఆ ఊరికి పెద్ద. "మలుపు కింద ఎవరి గుంటా లేదు, దిక్కులేని ఇసుక, తీసుకోమని కాంట్రాక్టరుకి మాటిచ్చాడు. మేమూ ఊఁ అన్నాం. మన గుంట మనకుంది కదా అనుకున్నాం."

ఆ మధ్యాహ్నం ముయెత్య కూడింది. ఒకరి చేలో ఒకరు వంతులవారీగా పనిచేసే ఆడవాళ్ల జట్టు అది. ముసెంబి తన ముక్కాలిపీట తెచ్చుకుని కూర్చున్నాడు.

"మీ గుంటలెవరూ ముట్టుకోలేదు కదమ్మా. ఇంకాస్త లోతు తవ్వండి."

"రాయి తగిలింది బావా," అంది కలుండే. "దిగు, పార నేనందిస్తా."

"కింది ఇసుక అడ్డుంటేనే పైన నీళ్లు నిలిచేది," అందొక బాలింత. "అడ్డం తీసేస్తే జారిపోవూ?"

"పెద్దమనిషిని. ఇచ్చిన మాట ఎట్లా వెనక్కి తీసుకోను?"

"అయితే పిల్లలకి నీ మాటే తాగిస్తాం," అంది బాలింత.

పట్నంలో అర్జీ పెడదామంది కవిందు. అందరూ ఆమె వైపు మర్యాదగా చూశారు. "పెడదాంలే," అంది కలుండే. "ఈలోపు ఏం తాగుదాం?"

పార భుజాన వేసుకుని మలుపు కిందికి నడిచింది. లారీ దారికి అడ్డంగా గుంట తవ్వి, చుట్టూ కంప పరిచింది. బాలింత బిడ్డను ఇంకొకరికిచ్చి పక్కన మరోటి తవ్వింది. తర్వాత అందరూ. నీళ్లు పడతాయని ఎవరూ అనుకోలేదు. కవిందు కూడా ఇనప పళ్లెంతో ఇసుక తోడింది. ముళ్లు గీరుకుని చేతుల్లో నెత్తురొచ్చింది. నొప్పి తెలియలేదు.

ఇసుక ఎత్తే కూలీలు పారలు దించేశారు.

"పీకండా కంప," అన్నాడు మేస్త్రీ.

"మీరు పీకండి సార్," అన్నాడొక కూలీ. "నేను మా అమ్మకి మొహం చూపించాలి."

పొద్దు వాలేసరికి పోలీసులొచ్చారు.

"ఈ గుంట ఎవరిది?"

"ముయెత్యది," అంది కలుండే.

"అది?"

"అదీ ముయెత్యదే," అంది కవిందు. ఒక్కో గుంటకు ఒక్కో ఇంటి పేరుండే ఆ వాగులో అలాంటి జవాబు ఎన్నడూ వినబడలేదు.

ఇనస్పెక్టరు కలుండేను రెక్కపట్టి బండెక్కించాడు. ఆమె కాలి చెప్పు ఇసుకలో ఉండిపోయింది. ఆడవాళ్లు ఒక్కరొక్కరే లేచి, ఎవరూ పిలవకుండానే, బండి వెనక వరస కట్టారు. ఎక్కడానికి.

ఇనస్పెక్టరు విసుగ్గా, గట్టు మీద నిలబడి చూస్తున్న ముసెంబి వైపు తిరిగాడు. "పెద్దాయనా, ఈ ఇసుక ఎవరిదీ కాదని మాటిచ్చింది మీరేగా. కాస్త మీ వాళ్లకి చెప్పండి."

ముసెంబి కంప దగ్గర ఆగి, తడి లేని గుంటలోకి తొంగిచూశాడు. తర్వాత వచ్చి వరసలో చివర, కవిందు వెనక నిలబడ్డాడు.

"నేనిచ్చిన మాట తప్పు," అన్నాడు, అందరికీ వినబడేలా. "ఇది అందరి ఇసుక. ఇవ్వడానికి నేనెవర్ని."