కోమల కడిగేసిన పచ్చతొట్టి

ఆయుధపూజ వస్తోందంటే కోమల చేతులు ఊరుకోవు. ఉప్పళం పంపుహౌసులో పదహారేళ్లు మోటారు మొదలుకొని చీపురు దాకా అన్నీ కడిగి బొట్లు పెట్టిన మనిషి మరి! మూలకుళం దగ్గరి మురుగునీటి కేంద్రానికి మారి వారమైనా కాలేదు, పండగ ముందురోజు ఇక్కడా కొంగు బిగించింది. మూలనున్న తొట్టి నిండా పచ్చటి పాచి. ఇంత పేరుకునేదాకా ఏం చేస్తున్నారో మహానుభావులు అని తిట్టుకుంటూ, ఆ నీళ్లన్నీ తోడి వెనకున్న మురుగుగుంటలో పారబోసింది. తొట్టిని తళతళలాడించి కుంకుమ కూడా పెట్టింది.

పండగ సెలవులు ముగిశాక, తొట్టి కడిగిన ఐదోరోజున విద్య వచ్చింది. యూనివర్సిటీలో పరిశోధన చేసే పిల్ల. తొట్టిని చూసి ఉన్నచోటే కూలబడింది. ఆ పాచిలోంచి నూనె తీసి బండ్లకు డీజిలు చేయొచ్చని, వడకట్టిన మురుగునీటిలో నాలుగు నెలలుగా పసిబిడ్డలా పెంచుకుంటోందట. మర్నాడే అధికారులు వస్తారు. పాచి చూపిస్తే పెద్ద చెరువు తవ్విస్తారు, లేకపోతే పని ఇంతటితో సరి. మళ్లీ పెంచాలంటే నెల పడుతుంది.

మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే కదా! ఉద్యోగం మాట దేవుడెరుగు, ఆ పిల్ల ముఖం చూడలేక కడిగింది తనేనని కోమల ఒప్పేసుకుంది. విద్య తిట్టలేదు.

"యాడ పోసినావక్కా?" అంది.

ఇద్దరూ వెనక్కి పరుగెత్తారు. మోకాలిలోతు గుంట, కంపుకొట్టే పచ్చి మురుగు, ఐదు రోజుల ఎండ. గుంట మొత్తం గోరింటాకు రుబ్బి పోసినట్టు చిక్కగా, పచ్చగా ఉంది. తొట్టిలో ఏనాడూ అంత చిక్కగా లేదట! విద్య గ్లవుజులు కూడా లేకుండా చేయి ముంచి, అరచేతిలోకి తీసుకుని, ఏడుస్తూ నవ్వింది. వడకట్టని మురుగులో ఇది బతుకుతుందా అన్నదే అధికారుల అనుమానం. ఉన్నదీ చస్తుందేమోనని విద్య ఇన్నాళ్లూ అందులో పోసి చూడలేదు. కోమలకు సగమే అర్థమైంది గానీ, సంతోషం పట్టలేక ఆ పిల్లను గట్టిగా వాటేసుకుంది.

మర్నాడు అధికారులు గుంట చుట్టూ రెండుసార్లు తిరిగారు, సీసాల్లో నీళ్లు పట్టుకున్నారు, చెరువు తవ్వించడం ఖాయమన్నారు. వాళ్లలో పెద్దాయన, దీన్ని ఇక్కడ పెంచిందెవరని అడిగాడు. విద్య కోమల చేయి పట్టుకుని ముందుకు లాగింది.

ఏం కడిగావని అడిగినవాళ్లే గానీ, ఏం పెంచావని కోమలను ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. ఆమె తడిచేతులు కొంగుకు తుడుచుకుంది.

"నేనే సార్," అంది.